పసుపు ప్లేటా, తెల్ల ప్లేటా: యాప్ బండి ప్రమాదాల్లో పరిహారం తేలేది అక్కడే

యాప్‌లో క్యాబో, బైకో బుక్ చేసేటప్పుడు చార్జీ చూస్తాం, ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూస్తాం, మరీ జాగ్రత్తపరులైతే డ్రైవర్ రేటింగ్ చూస్తారు. నంబర్ ప్లేటు రంగు ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం జరిగి కేసు మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి చేరాక బీమా కంపెనీ లాయరు అన్నింటికంటే ముందు పట్టుకునేది దాన్నే.

ఇలాంటి ప్రమాదాల్లో రెండు రకాల డబ్బు ఉంటుంది. జనం నోట ఎక్కువగా వినిపించేది యాప్ ఇచ్చే బీమా. కేంద్రం 2025 జులైలో తెచ్చిన అగ్రిగేటర్ (యాప్ ద్వారా బండ్లు కుదిర్చే కంపెనీ) మార్గదర్శకాల ప్రకారం ప్రయాణికుడికి కనీసం 5 లక్షల రూపాయల బీమా ఉండాలి. రెండోది బండికి ఉన్న థర్డ్ పార్టీ పాలసీ, అంటే బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా. మరణానికి, శరీర గాయాలకు ఇందులో గరిష్ఠ పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత తేలిస్తే అంత. ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల హద్దు ఉంది. పెద్ద డబ్బు ఈ రెండోదాంట్లోనే ఉంది. బాధిత కుటుంబాలు మాత్రం నెలల తరబడి మొదటిదాని చుట్టూ తిరిగి, రెండోదానికి కావలసిన కాగితాలు చేజార్చుకుంటాయి.

ప్లేటు సంగతికి వద్దాం. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిప్పే పర్మిట్ ఉన్న బండి. ఎలక్ట్రిక్ బండ్లకు రెండు రకాలకూ ఆకుపచ్చ ప్లేటే. అక్షరాలు పసుపైతే కమర్షియల్, తెలుపైతే సొంతానిది. కమర్షియల్ బండి పాలసీలో చార్జీ ఇచ్చి ఎక్కిన ప్రయాణికుడికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 147 కిందే రక్షణ ఉంది. తెల్ల ప్లేటు బండి పాలసీలో 'కిరాయికి వాడరాదు' అనే షరతు ఉంటుంది. పర్మిట్ లేకుండా కిరాయికి వాడారన్న వాదనను బీమా కంపెనీకి సెక్షన్ 150 అధికారికంగా ఇచ్చింది. ప్రీమియంలో తేడా చూస్తే కంపెనీ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. అదే ఇంజిన్ ఉన్న ట్యాక్సీకి 7,940, దానిమీద ఒక్కో ప్రయాణికుడికి 978. నలుగురికి లెక్కేస్తే 11,852. ప్రయాణికుడి పేరిట పైసా తీసుకోని పాలసీ మీద ప్రయాణికుడి పరిహారం అడుగుతున్నారన్నది కంపెనీ వాదన. అందులో పస లేదనలేం.

అయితే తెల్ల ప్లేటు బండి ఎక్కినవాళ్లకు దారి మూసుకుపోయినట్టేనా? కాదు. షరతుల ఉల్లంఘన జరిగినా ముందు బీమా కంపెనీ బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలనే పద్ధతిని సుప్రీంకోర్టు 2004 నాటి స్వరణ్ సింగ్ కేసులో స్థిరపరిచింది. పర్మిట్ లేకపోవడం మౌలిక ఉల్లంఘనే అని తేల్చిన 2018 నాటి అమృత్ పాల్ సింగ్ కేసులోనూ అదే బాట పట్టింది. కానీ ఇది ప్రతి కేసులో తప్పక దక్కుతుందని అనుకోకూడదు. కొన్ని ట్రిబ్యునళ్లు కంపెనీని పూర్తిగా తప్పించి యజమాని మీదే భారం వేస్తాయి. ఈఎంఐ మీద స్కూటర్ కొనుక్కున్న కుర్రాడి నుంచి 20 లక్షలు వసూలు చేయడం ఎవరి తరం? కంపెనీ ముందు చెల్లించిన కేసుల్లోనూ రికవరీ ఆ కుర్రాడి మెడకే చుట్టుకుంటుంది. విడిగా దావా కూడా అక్కర్లేదు, అదే ట్రిబ్యునల్‌లో తీర్పు అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్ చాలు.

అందుకే తెల్ల ప్లేటు బైకులకు తలుపు తీసిన 2025 మార్గదర్శకాలు సగం పనే చేశాయని చెప్పాలి. రాష్ట్రం ఒప్పుకుంటే రవాణాయేతర మోటారు సైకిళ్లను ప్రయాణికుల కోసం యాప్‌ల ద్వారా నడపవచ్చని అవి అంటున్నాయి. బండి మీద ఉన్న పాలసీ పత్రంలో మాత్రం పాత షరతు అలాగే ఉంటుంది. అనుమతి ఇచ్చే రాష్ట్రం, యాప్‌లో చేరే ప్రతి బైకుకీ వెనక కూర్చున్న కిరాయి ప్రయాణికుడిని పేరు పెట్టి కవర్ చేసే పాలసీ ఉండాలని లైసెన్సు షరతుగా పెట్టాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ ముడిని వేరేగా విప్పాయి. అక్కడ బీమా యాప్ స్థితిని బట్టి మారుతుంది: డ్రైవరు రైడ్ ఒప్పుకున్న క్షణం నుంచి ప్రయాణికుడు దిగేవరకు 10 లక్షల డాలర్ల దాకా లయబిలిటీ కవర్ ఉంటుంది. మన దగ్గర బీమా బండిని పట్టుకుని ఉంటుంది. యాప్ ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్నది థర్డ్ పార్టీ పాలసీకి పట్టదు.

ఇందులో బాధితుడికి పనికొచ్చే సంగతి ఒకటుంది. 'రైడ్ క్యాన్సిల్ చేయండి సార్, క్యాష్ ఇవ్వండి, అక్కడే దింపుతా' అని అడిగే డ్రైవర్లు మనకు కొత్త కాదు. ఒప్పుకుంటే యాప్ ఇచ్చే 5 లక్షల బీమా ఆ క్షణమే పోతుంది. బండి పసుపు ప్లేటుదైతే థర్డ్ పార్టీ హక్కు మాత్రం చెక్కుచెదరదు. యాప్‌లో చూపిన బండి ఒకటి, వచ్చింది మరొకటి అయినా అంతే. వచ్చిన బండి నంబరే కేసుకు ఆధారం. ఎక్కేముందు ప్లేటును ఒక ఫోటో తీసుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

ప్రమాదం జరిగాక తొలి రోజుల్లో జరిగే పొరపాట్లే తర్వాత కేసును ముంచుతాయి. 112కి ఫోన్ చేస్తే అంబులెన్స్‌తో పాటు పోలీసు రికార్డు కూడా మొదలవుతుంది. 2025 మే నుంచి అమల్లో ఉన్న నగదు రహిత చికిత్స పథకం కింద నమోదిత ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా ఉచిత వైద్యం అందాలి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా రాయించడం తప్పనిసరి. పోలీసుల చుట్టూ తిరగడం ఎందుకని బంధువులు 'బండి మీంచి జారి పడ్డాడు' అని చెప్పేస్తారు. కేస్ షీటులో ఆ ఒక్క ముక్క చాలు. ఏడాది తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ లాయరు దాన్నే బయటకు తీస్తాడు. రోడ్డు మీద 10 వేలిచ్చి రాజీ అనే డ్రైవర్ల మాట వినకూడదు. ఫ్రాక్చర్ చాలాసార్లు మర్నాడు ఎక్స్‌రేలోగానీ తేలదు. ఎఫ్ఐఆర్‌లో ఢీకొన్న రెండు బండ్ల నంబర్లూ ఉండాలి. 'గుర్తు తెలియని వాహనం' అని నమోదై, పది రోజుల తర్వాత నంబరు చేరితే బండిని కావాలని ఇరికించారన్న ఆరోపణ ఖాయం. నంబరు నిజంగానే దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకంలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే వస్తాయి.

యాప్‌లోని ట్రిప్ ఐడీ, డ్రైవర్ పేరు, బండి నంబరు, మ్యాప్‌లో దారి, రసీదు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఈమెయిల్‌కి పంపుకోవాలి. జీపీఎస్, వేగం వివరాలు భద్రపరచమని కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి తొలి ప్రమాద నివేదికను 48 గంటల్లో, మధ్యంతర నివేదికను 50 రోజుల్లో, సమగ్ర నివేదికను 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ పరిగణించవచ్చు. అయినా పోలీసుల నివేదిక మీద భరోసా పెట్టుకుని కూర్చోవద్దు. పిటిషన్‌కు 6 నెలల గడువును 2019 సవరణ మళ్లీ తెచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అది మధ్యంతరమే, 6 నెలల్లోపే వేయడం క్షేమం. వడ్డీ కూడా సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కిస్తారు. మన కోర్టుల్లో 'ఓపీ' అని పిలిచే ఈ పిటిషన్‌ను ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. హైదరాబాద్‌లో దెబ్బలు తగిలిన శ్రీకాకుళం వాసి సొంత జిల్లా ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు.

ఎవరెవర్ని ప్రతివాదులుగా చేర్చాలి? క్యాబ్‌లో వెనక సీట్లో ఉన్నవాడికి ఏ తప్పూ అంటదు. క్యాబూ లారీ ఢీకొంటే తప్పెవరిదో తేల్చే బాధ్యత అతనిది కాదు. రెండు బండ్ల యజమానుల్నీ, రెండు బీమా కంపెనీల్నీ చేర్చాలి. మొత్తం పరిహారాన్ని ఎవరో ఒకరి దగ్గరే వసూలు చేసుకోవచ్చని 2015 నాటి ఖెన్యే కేసు చెబుతోంది. ఒక్క బండినే చేర్చి, తప్పంతా రెండోదానిదని తేలితే చేతికి మిగిలేది సున్నా. అగ్రిగేటర్ కంపెనీనీ చేర్చడమే మంచిది. తాము మధ్యవర్తులమేనని అది అంటుంది. అద్దెకు తీసుకున్న బస్సు డ్రైవరు మీద నియంత్రణ ఉన్న రవాణా సంస్థను 1997లో కైలాష్‌నాథ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు బాధ్యురాలిగా చూసింది కాబట్టి వాదించడానికి చోటుంది, గెలుపు ఖాయమని మాత్రం కాదు. డబ్బు రాకపోయినా ట్రిప్ రికార్డులైనా కోర్టుకు వస్తాయి.

డ్రైవరు లైసెన్సు మీద ఒకప్పుడు పెద్ద రగడ నడిచేది. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు చాలని 2024 నవంబరులో రంభా దేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చడంతో క్యాబ్‌ల విషయంలో ఆ వాదన చల్లబడింది.

ఇక లెక్క. ప్రమాదంలో ఒకరు చనిపోయారనుకుందాం: 34 ఏళ్ల వయసు, నెలకు 25 వేల ఆదాయం, స్వయం ఉపాధి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఏడాదికి 3 లక్షలు. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్తు ఆదాయానికి 40 శాతం కలిపితే 4.2 లక్షలు. నలుగురు ఆధారపడినవాళ్లున్నారు కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు పోతే 3.15 లక్షలు. 31-35 ఏళ్ల వారికి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులోని పట్టికలో గుణకం (ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె) 16. మొత్తం 50.4 లక్షలు, అంత్యక్రియలు, కుటుంబ సాహచర్యం వంటి పద్దులు దీనికి అదనం. యాప్ ఇచ్చే 5 లక్షలు దీని ముందు ఎంత? ఆదాయానికి ఆధారం చూపలేకపోతే మాత్రం ట్రిబ్యునల్ తోచిన అంకె వేస్తుంది, అది చాలాసార్లు సగానికి పడిపోతుంది. యూపీఐ జమలు, ఐటీ రిటర్ను, డ్రైవరైతే యాప్ వారపు చెల్లింపుల స్టేట్‌మెంట్లు ఇక్కడ పనికొస్తాయి.

అదే వ్యక్తి కాలు విరిగి బతికితే సొంత ఖర్చుల కోత ఉండదు, వైకల్య శాతం వస్తుంది. కాలికి 40 శాతం అని సదరం సర్టిఫికెట్ ఉందనుకుందాం. మొత్తం శరీరానికి అది 15 శాతమే అని ట్రిబ్యునల్ అనుకుంటే 10.08 లక్షలు. డ్రైవింగ్ తప్ప వేరే పని తెలియనివాడు కాబట్టి సంపాదనకు దెబ్బ 40 శాతం అని ఒప్పించగలిగితే 26.88 లక్షలు. 2010 నాటి రాజ్‌కుమార్ కేసు అడగమన్న ప్రశ్న ఇదే: గాయం శరీరాన్ని ఎంత దెబ్బతీసిందని కాదు, సంపాదించే శక్తిని ఎంత దెబ్బతీసిందని. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును సాక్షిగా పిలిపించకపోతే ఈ 16.8 లక్షల తేడా గాలికి పోతుంది.

స్టీరింగ్ పట్టుకున్నవాడి పరిస్థితి ఇంతకంటే పలచన. తప్పు తనదే అయితే, ఎదుటివారి తప్పు చూపి పరిహారం కోరే సెక్షన్ 166 కింద అతనికి ఏమీ రాదు. సొంత బండికి తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద కవర్ 15 లక్షలు ఉంటుంది, అదీ యజమానే డ్రైవరైనప్పుడు మాత్రమే. వేరొకరి కారును రోజు అద్దెకు తిప్పేవాడికి అది వర్తించదు. జీతపు డ్రైవరు కవర్‌ను యజమాని పాలసీలో విడిగా కొని ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు ప్రకటించిన 5 లక్షల ప్రమాద బీమా మరణానికే.

రాజీ ప్రతిపాదన వస్తే రెండు చోట్ల ఆగి చదవాలి. తప్పు రుజువు చేయనక్కర్లేని సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. బీమా కంపెనీ ఇచ్చే ఆ మొత్తాన్ని అంగీకరిస్తే సెక్షన్ 166 పిటిషన్ రద్దయిపోతుంది. లోక్ అదాలత్‌లో సంతకం పెడితే అప్పీలు ఉండదు. యాప్ బీమా డబ్బుకు ఈ చిక్కు లేదు. విడిగా కొన్న ప్రమాద బీమా సొమ్మును ట్రిబ్యునల్ పరిహారంలో కోయకూడదని 1998 నాటి హెలెన్ రెబెల్లో తీర్పు నుంచీ ఉన్న సూత్రం. కాకపోతే ఆ చెక్కుతో వచ్చే రసీదులో 'ఈ ప్రమాదానికి సంబంధించిన అన్ని క్లెయిములూ పూర్తిగా పరిష్కారమయ్యాయి' అనే వాక్యం ఉండవచ్చు. దాన్ని కొట్టేసి, 'ఈ పాలసీ కింద మాత్రమే' అని రాసి సంతకం పెట్టాలి.