నాలుగు బోల్టులు విప్పితే ఏసీ కంప్రెసర్ మార్చినట్టేనా?

బెజవాడలో ఎండ 42 దాటిందంటే ఆ మెసేజ్ మళ్లీ లేచి కూర్చుంటుంది. "షాపుకెళ్తే పాతికవేలు, ఇంట్లో అయితే నాలుగువేలు! కారు ఏసీ కంప్రెసర్ రెండు గంటల్లో మీరే మార్చుకోండి. ఏడు స్టెప్పులు. మెకానిక్‌లు చెప్పని రహస్యం." ఈ వారంలోనే నాలుగు గ్రూపుల్లో వచ్చింది. రెండింట్లో "ఇది నిజమేనా అన్నా?" అని అడిగారు, రెండింట్లో "సూపర్" అన్నారు. అడిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నా. సూపర్ అన్నవాళ్లు ఆరో స్టెప్పు దగ్గరైనా ఒక్క నిమిషం ఆగండి.

మొదటి స్టెప్పు: "ఏసీ వేస్తే టక్‌మని శబ్దం రాకపోతే కంప్రెసర్ పోయినట్టే." కాదు. గ్యాస్ కారిపోయి తగ్గితే ప్రెషర్ స్విచ్, పుల్లీని కంప్రెసర్‌తో కలిపే అయస్కాంత క్లచ్‌కి కరెంటు వెళ్లనివ్వదు. ఫ్యూజ్ కాలినా, రిలే పోయినా ఇదే నిశ్శబ్దం. ఆ క్లచ్ కాయిల్ కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టండి. మామూలుగా 3 నుంచి 5 ఓమ్‌లు చూపిస్తుంది. అసలేమీ చూపించలేదంటే పోయింది కాయిలే, కంప్రెసర్ కాదు. కాయిల్ బాగానే ఉండి, బండి వేడెక్కాక క్లచ్ వదిలేస్తుంటే ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చి చూడండి. చాలా కార్లలో అది 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అరిగి సందు పెరిగితే వేడెక్కిన కాయిల్‌కి లాగే బలం చాలదు. లోపలి షిమ్ (పల్చటి వాషర్) ఒకటి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. కొన్ని కొత్త కార్లకి అసలు క్లచ్చే ఉండదు. వాటిలో టక్ కోసం చెవి పెట్టుకుని కూర్చుంటే రోహిణి కార్తె కూడా వెళ్లిపోతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. షాపుల మీద ఆ మెసేజ్‌కున్న కోపంలో న్యాయం ఉంది. పుల్లీ బేరింగ్ అరిచినా, కాయిల్ తెగినా "కంప్రెసర్ పోయింది సార్" అని మొత్తం అంటగట్టేవాళ్లు లేకపోలేదు. పై పరీక్షలు ఇంట్లో చేసుకుని వెళ్తే ఆ మాటకి మీ దగ్గర జవాబు ఉంటుంది.

రెండోది, బ్యాటరీ నెగెటివ్ తీయమంది. తీయండి.

మూడోది: "పైపు నట్టు మెల్లగా వదులు చేస్తే గ్యాస్ బుస్సుమని పోతుంది, ప్రమాదమేమీ లేదు." చాలా కార్లలో లోపల ఉన్నది ఆర్ 134ఎ అనే ఏసీ గ్యాస్. బండి ఆపి ఉంచినా 40 డిగ్రీల ఎండలో దాని ఒత్తిడి దాదాపు 130 పీఎస్ఐ, అంటే టైరులో గాలికి నాలుగు రెట్లు. బయటికొచ్చిన ద్రవం సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది. వేలి మీద పడితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపుకే ఎసరు. గాలికన్నా బరువు కాబట్టి మూసిన షెడ్డులో నేలబారున పేరుకుంటుంది. పక్కన మంట ఉంటే విషవాయువుగా మారుతుంది. పోతూ పోతూ ఆయిల్‌ని కూడా చిమ్ముకుపోతుంది, ఎంత పోయిందో తెలీదు. రికవరీ మెషీన్ ఉన్న షాపులో ఈ గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగేస్తారు. గాల్లోకి వదిలే పనే లేదు.

నాలుగోది బోల్టులు. ఇది మాత్రం సరిగ్గానే రాశారు. బెల్టు వదులు చేసి, కనెక్టర్ తీసి, పైపుల 10 నంబరు బోల్టులు, కంప్రెసర్‌వి మూడో నాలుగో 12 నంబరువి. చాలా చిన్న కార్లలో కింది నుంచి తీయాలి కాబట్టి జాకీని నమ్ముకుని కిందకి దూరకండి, స్టాండ్లు వేయండి. స్పానర్ పట్టడం వచ్చినవాళ్లకి ఇది పెద్ద పనేం కాదు. చిక్కల్లా, ఈ తేలిక పనిని చూపించి మిగతాదంతా ఇంతేనని నమ్మించడం.

ఐదోది: "కొత్త కంప్రెసర్‌లో 100 మి.లీ. ఇంజిన్ ఆయిల్ పోయండి." ఆర్ 134ఎతో ఇంజిన్ ఆయిల్ కలవదు. గ్యాస్‌తో పాటు తిరిగి కంప్రెసర్‌కి రాకుండా డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లోనే ఉండిపోతుంది. కావాల్సింది ఏసీల కోసమే చేసిన పీఏజీ ఆయిల్. అందులోనూ 46, 100, 150 అని చిక్కదనాలున్నాయి, మీ కంప్రెసర్ స్టిక్కర్ మీద ఏది రాసి ఉంటే అదే. పాత కంప్రెసర్‌ని వంచి, చేత్తో తిప్పుతూ ఆయిల్‌ని కొలగ్లాసులోకి వంపండి. కొత్తదాంట్లోదీ వంపేసి, పాతదాంట్లో ఎంత వచ్చిందో అంతే తాజా ఆయిల్ పోయండి. చాలా కొత్త కంప్రెసర్లు సిస్టమ్ మొత్తానికి సరిపడా ఆయిల్‌తో వస్తాయి. అలాగే బిగించేస్తే ఆయిల్ ఎక్కువై కూలింగ్ తగ్గుతుంది.

వంపిన ఆయిల్‌ని వెలుతురులో చూడండి. నల్లగా ఉండి వెండి పొడిలా మెరుస్తుంటే కంప్రెసర్ లోపల అరిగి ముక్కలైందని అర్థం. ఆ పొడి, బండి ముందు గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. కండెన్సర్, తేమ పీల్చే డ్రయ్యర్, గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు మూడూ మార్చకపోతే కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది. పొడి లేకపోయినా డ్రయ్యర్ మాత్రం మార్చాల్సిందే. ఈ సంగతి మెసేజ్‌లో ఎక్కడా లేదు, ఎందుకంటే రాస్తే నాలుగువేల లెక్క అక్కడే తప్పుతుంది. ఓరింగ్‌లు కొత్తవి వేసి ఏసీ ఆయిల్ రాయండి. టెఫ్లాన్ టేపు నల్లాలకి.

ఇక ఆరో స్టెప్పు. "వాక్యూమ్ పంపు అక్కర్లేదు. ప్రెషర్ స్విచ్ వైర్లు కలిపి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కంప్రెసరే గాలి లాగేస్తుంది. గ్యాస్ క్యాన్‌ని మరిగే నీళ్లలో తలకిందులుగా పెట్టి, గేజ్ మీద నీలం, ఎరుపు నాబ్‌లు రెండూ తిప్పండి. ఐదు నిమిషాల్లో ఎక్కేస్తుంది." నాలుగు వాక్యాల్లో ఇన్ని తప్పులు ఇరికించడం కూడా ఒక విద్యే.

కంప్రెసర్ గాలిని లాగి ఎక్కడికి పంపుతుంది? అదే సిస్టమ్‌లో ఉన్న కండెన్సర్‌లోకి. హాల్లో చెత్తని పడగ్గదిలోకి ఊడ్చి ఇల్లు శుభ్రమైందన్నట్టుంది. కంప్రెసర్‌కి ఆయిల్ అందేది గ్యాస్‌తో పాటే. గ్యాస్ లేనప్పుడు తిరిగితే లోపలి భాగాలు పొడిగా రాసుకుపోతాయి. అలా తిరగకూడదనే ఆ ప్రెషర్ స్విచ్ పెట్టారు. దాని వైర్లు కలపమంటున్నాడు!

పైగా వాక్యూమ్ గాలి కోసమే కాదు, తేమ కోసం. ఒత్తిడి బాగా తగ్గిస్తే నీళ్లు ఎండ వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తాయి. 40 డిగ్రీల దగ్గర అందుకు ఒత్తిడి 55 మిల్లీమీటర్ల పాదరసానికి పడిపోవాలి, అంటే గేజ్ ముల్లు 28 అంగుళాల వాక్యూమ్ దాటాలి. పంపు అరగంట నుంచి ముప్పావుగంట తిరగాలి. తర్వాత నాబ్‌లు మూసి 20 నిమిషాలు ముల్లు చూడాలి, కదిలిందంటే ఎక్కడో లీకుంది, లేదా తేమ ఇంకా మిగిలింది. మన ఎండ పనికొచ్చే ఒకే ఒక్క చోటు, ఈ తేమని మరిగించడమేనేమో. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టి, పది నిమిషాలు చల్లగాలి వచ్చి ఆగిపోతుంది, ఏసీ ఆపి వేస్తే మళ్లీ వస్తుంది. అదే తేమ మెల్లగా ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తింటుంది.

క్యాన్ తలకిందులు చేస్తే ద్రవం వెళ్తుంది. ద్రవాన్ని నొక్కడం కంప్రెసర్ వల్ల కాదు, లోపలి పల్చటి వాల్వు పత్తీలు విరుగుతాయి. ఇంజిన్ నడుస్తుండగా క్యాన్ నిటారుగా ఉండాలి, నీలం వైపు (తక్కువ ఒత్తిడి ఉండే వైపు) నుంచే ఎక్కించాలి.

చివరిది, ప్రాణం మీదికి వచ్చేది. ఇంజిన్ నడుస్తుండగా ఎర్ర నాబ్ తిప్పితే మే నెలలో 250 పీఎస్ఐ దాకా ఉండే హై సైడ్ (కంప్రెసర్ నొక్కి పంపే వైపు) ఒత్తిడి నేరుగా క్యాన్‌లోకి ఎదురొస్తుంది. ఆ పల్చటి రేకు డబ్బా మరిగే నీళ్లలో ఉంటే, అందులోని గ్యాస్ తనంతట తానే 550 పీఎస్ఐ దాటుతుంది. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మీ మొహం దానికి రెండడుగుల దూరంలో ఉంటుంది. ఈ ఒక్క స్టెప్పు చాలు, ఆ మెసేజ్ ఎవరికీ పంపకుండా ఉండటానికి.

ఏడోది, "పైపు చల్లబడితే గ్యాస్ నిండినట్టే". బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది. చిన్న కార్లకి అరకిలో లోపే. తూకం వేసి ఎక్కించండి, చెయ్యి తక్కెడ కాదు.

అయినా సొంతంగా చేయాలని చేతులు దురద పెడుతుంటే, క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే దారి ఉంది. ముందు ఆటోనగర్‌లో రికవరీ మెషీన్ ఉన్న షాపుకి వెళ్లి గ్యాస్ తీయించండి. ఇంటికొచ్చి పాతది విప్పి, పైపు మూతుల్ని వెంటనే మూసేయండి. కొత్తది బిగించాక ముందు ప్లేటుని చేత్తో ఓ పది చుట్లు తిప్పితే లోపల నిలిచిన ఆయిల్ సర్దుకుంటుంది. తర్వాత బెల్టు వేసుకుని అదే రోజు మళ్లీ షాపుకి వెళ్లి వాక్యూమ్, తూకం దగ్గరుండి చూసుకోండి. వెళ్లేటప్పుడు ఏసీ ఫ్యూజ్ పీకి జేబులో వేసుకోండి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర చెమట పట్టగానే చెయ్యి దానంతటదే ఏసీ స్విచ్ మీదికి పోతుంది.