తాగనివాళ్ల లివర్ చెడిపోదా?

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది: "సిరోసిస్ తాగుబోతుల జబ్బు. మందు ముట్టనివాళ్లకు భయం లేదు. ఎస్‌జీపీటీ నార్మల్ ఉంటే లివర్ బాగున్నట్టే. తేడా వస్తే ఉప్పు, పప్పు, గుడ్డు మానేసి 21 రోజులు తిప్పతీగ కషాయం తాగండి, లివర్ కొత్తదవుతుంది." చదివి ఊరుకునేదాన్నే, మా పిన్ని లేకపోయుంటే.

పిన్ని జీవితంలో చుక్క ముట్టలేదు. పదిహేనేళ్లుగా షుగర్, నడుము చుట్టూ బరువు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే, అందరికీ ఉండేదేగా అని ఫైల్లో పెట్టేశాం. కొవ్వు పట్టిన లివర్‌లో వాపు ఏళ్ల తరబడి సాగితే కొందరికి లివర్ మచ్చకట్టి గట్టిపడిపోతుంది, అదే సిరోసిస్. పిన్నికీ అదే అయింది. హెపటైటిస్ బి, సి వైరస్‌లతోనూ అంతే. విల్సన్ జబ్బులో రాగి పేరుకుని బడికెళ్లే పిల్లలకూ వస్తుంది. మందు పెద్ద కారణమే, కాదనను. అదొక్కటే కారణం అనడమే అబద్ధం. ఆ అబద్ధం పుణ్యమా అని, ఆస్పత్రికి పలకరించడానికి వచ్చినావిడ నన్ను పక్కకు పిలిచి "పిన్నికి చాటుగా అలవాటుందా?" అని అడిగింది.

ఇక ఎస్‌జీపీటీ, అంటే రక్తపరీక్షలో చూసే ఒక లివర్ ఎంజైమ్. అది ఇప్పుడు లివర్ కణాలు ఎంత దెబ్బతింటున్నాయో చూపిస్తుంది, ఎంత మచ్చ పడిందో కాదు. సిరోసిస్ వచ్చాక కూడా నార్మల్‌గా ఉండొచ్చు. పిన్ని రిపోర్టులో అది 34, నార్మలే. అదే కాగితం మీద ప్లేట్‌లెట్లు 82 వేలు, బాగా తక్కువ. డెంగీ సీజన్‌లో అయితే ఇల్లంతా హడావిడి పడేవాళ్లం, అప్పుడు ఎవరూ చూడలేదు. గట్టిపడిన లివర్‌లోకి రక్తం సాఫీగా పోలేక పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. స్ప్లీన్ (ప్లీహం) ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టేసుకుంటుంది. ఆ ఒత్తిడి వల్లే పొట్టలో నీరు చేరుతుంది, అన్నవాహికలో సిరలు ఉబ్బి ఒక్కోసారి పగిలిపోతాయి. పొట్ట ఉబ్బితే మేం గ్యాస్ బిళ్లలు మింగించాం.

పత్యం సంగతి సగం నిజం. పొట్టలో నీరున్నవాళ్లు ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. పప్పు, గుడ్డు మానడం మాత్రం తలకిందుల సలహా. ఈ జబ్బులో కండ కరిగిపోతుంది, కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. రాత్రి పడుకునే ముందూ కాస్త తినమంటారు.

తిప్పతీగ తీసుకున్నాక లివర్ దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ తగవు తేల్చే ప్రయోగం సిరోసిస్ ఉన్నమనిషి మీద మనింట్లో చేయక్కర్లేదు. పనిచేసేది కారణానికి చేసే వైద్యం. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల మాత్రలతో పోతుంది, 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఆ మాత్రలు ఉచితం. కారణం ఆగితే మచ్చ పెరగడం ఆగొచ్చు, కొంత తగ్గనూవచ్చు. కొత్త లివర్ అంటే మార్పిడి ఆపరేషనే.

రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం అయితే అదే గంటలో ఆస్పత్రికి పరుగెత్తాలి. మతి తప్పడం మాత్రం చప్పుడు లేకుండా వస్తుంది. పిన్ని పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. ఓ రోజు ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి గంటసేపు వెతికింది. వయసు అనుకున్నాం. మూడు రోజులుగా విరేచనం కాలేదని డాక్టర్ అడిగాకే తెలిసింది. పేగుల్లోని అమోనియాను లివర్ వడకట్టలేక అది మెదడుకెక్కిందట. విరేచనం సాఫీగా చేసే లాక్టులోజ్ సిరప్‌తో రెండు రోజుల్లో తేరుకుని, "ఉప్పు ఫ్రిజ్‌లో పెట్టిన తెలివైనవాళ్లెవరే?" అని నన్నే అడిగింది.