‘సీరియల్ ఆర్టిస్టే కదా’ అన్న మావయ్యకి

మొన్న ఆదివారం మా చుట్టాలింట్లో గృహప్రవేశం. రెండో బంతిలో కూర్చున్నాం. వాళ్ళ వీధి చివర ఏదో షూటింగ్ జరుగుతోందని, ఒకావిడ కారు దిగుతుంటే చూశామని పిల్లలు చెప్తున్నారు. మావయ్య పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే, "హీరోయినేమో అనుకున్నా. సీరియల్ ఆర్టిస్టే కదా!" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా కడుపుమంట అంతా అదే. అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నా. పొడుగు పోస్టు, ఓపిక లేనివాళ్ళు పైకి తోసుకుపోండి.

మావయ్యా, నీకో సీరియల్ ఆర్టిస్టు గురించి చెప్తాను. మన వాళ్ళు కాదులే, బ్రెజిల్. పేరు ఫెర్నాండా మోంటెనెగ్రో.

1929 అక్టోబరులో రియో డి జనీరోలో పుట్టింది. నాన్న మెకానిక్. అసలు పేరు అర్లెట్. టీనేజీలోనే ప్రభుత్వ రేడియోలో చేరి అనౌన్సర్‌గా, నాటకాల్లో గొంతుగా పనిచేసింది. అది చాలక విదేశీయులకి పోర్చుగీసు పాఠాలు చెప్పేది. ఫెర్నాండా అన్న పేరు తనే పెట్టుకుంది. మోంటెనెగ్రో అన్నది వాళ్ళింట్లో చెప్పుకునే ఒక డాక్టరు గారి పేరట. ఇంటిపేరు కూడా అరువే అన్నమాట. 1950లో స్టేజీ ఎక్కింది. ఆ నాటకంలోనే ఉన్న ఫెర్నాండో టోరెస్‌ని తర్వాత పెళ్ళి చేసుకుంది.

1951లో రియోలో టీవీ తుపి అనే ఛానెల్ మొదలైతే, వాళ్ళు కాంట్రాక్టు ఇచ్చిన మొదటి నటి ఈవిడే. అప్పటికి వీడియో టేపు లేదు. రికార్డు చేసుకునే దారే లేదు కాబట్టి నాటకమంతా కెమెరా ముందు లైవ్‌లో ఆడాల్సిందే. డైలాగు మర్చిపోతే చూసేవాళ్ళందరి ముందూ మర్చిపోయినట్టే. 'వన్ మోర్' అనే మాటే లేని ఆ స్టూడియోలో వారం వారం కొత్త నాటకం బట్టీ పట్టి ఆడిన మనిషి, మావయ్యా. నువ్వు తేల్చేసిన ఆ 'టీవీ' దగ్గరే ఆవిడ పదును తేలింది.

బ్రెజిల్‌లో సీరియల్‌ని నొవేలా అంటారు. గ్లోబో అనే పెద్ద ఛానెల్‌లో సాయంత్రం నుంచి రాత్రి వరకు వరసగా వస్తాయి, సోమవారం నుంచి శనివారం దాకా. మనకీ వాళ్ళకీ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్ళ నొవేలా ఆరు నుంచి ఎనిమిది నెలల్లో అయిపోతుంది. శుభం కార్డు పడుతుంది, వచ్చే సోమవారం కొత్త కథ. కోడలికి మనవలు పుట్టి ఆ మనవలకి పగలు పుట్టేదాకా లాగరు. కాబట్టి నటులు ఒక నొవేలా చేసి, మళ్ళీ నాటకాలకి వెళ్ళి, ఓ సినిమా చేసి తిరిగొస్తారు. అది దిగిపోవడమని అక్కడెవరూ అనుకోరు. మన సీరియల్సన్నీ గొప్పవని నేననట్లేదు. ఉరుము శబ్దానికి ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తే నాకూ చిరాకే. కానీ ఆ తప్పు రాసేవాళ్ళది, లాగేవాళ్ళది. పొద్దున్నుంచి పట్టుచీరలో, లైట్ల వేడిలో నిలబడి పేజీలకి పేజీలు చెప్పే మనిషిది ఎట్లా అవుతుంది?

1983లో ఆవిడ చేసిన ఒక నొవేలాలో టిఫిన్ సీను ఉంది. ఎదురుగా పౌలో ఔత్రాన్. ఆయన కూడా బ్రెజిల్ నాటకరంగంలో కొండంత మనిషి. పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ, వెండి పాత్రలు, ఇద్దరూ జమీందారుల్లా తయారై కూర్చుంటారు. మాటా మాటా పెరుగుతుంది. ఇక మొదలు. బల్ల మీదున్నదల్లా ఒకళ్ళ మొహాన ఒకళ్ళు కొట్టుకోవడమే. నడివయసు దాటిన ఇద్దరు మహానటులు నెత్తి మీంచి తిండి కారుతుంటే, వెన్ను మాత్రం నిటారుగా పెట్టుకుని కూర్చుంటారు. ఆ నిటారు వెన్నులోనే ఉంది నవ్వంతా. బ్రెజిల్ జనం ఇప్పటికీ తల్చుకునే సీను అది.

ఇంకో వంట సామాను సీను చెప్తా, ఇది సినిమాలో. 1981లో లియోన్ హిర్ష్‌మన్ తీసిన కార్మికుల సమ్మె కథ. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో బహుమతి వచ్చింది. అందులో ఈవిడ కార్మికుడి భార్య. ఇంట్లో కష్టమంతా జరిగిపోయాక, రాత్రిపూట మొగుడూ పెళ్ళాం బల్ల దగ్గర కూర్చుని చిక్కుడు గింజలు ఏరతారు. మంచివి ఒక పక్కకి, పుచ్చువి ఒక పక్కకి. మాట ఉండదు. గింజ గిన్నెలో పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. మన అమ్మమ్మలు చేటలో బియ్యం ఏరుతూ ఏడుపు దిగమింగుకోవడం చూసినవాళ్ళకి సబ్‌టైటిల్ అక్కర్లేదు.

ఇక లోకానికి తెలిసిన సంగతి. 1998లో వాల్టర్ సాలెస్ తీసిన 'సెంట్రల్ స్టేషన్'. రియో రైల్వే స్టేషన్‌లో బల్ల వేసుకుని, చదువురానివాళ్ళకి డబ్బు తీసుకుని ఉత్తరాలు రాసిపెట్టే రిటైర్డు టీచరు డోరా. రాస్తుంది గానీ పోస్టు చెయ్యదు. ఇంటికి తీసుకెళ్ళి కొన్ని చింపేస్తుంది, కొన్ని సొరుగులో పడేస్తుంది. మన పోస్టాఫీసుల అరుగుల మీద జాబులు, మనియార్డరు ఫారాలు రాసిపెట్టేవాళ్ళని చూసిన తరం వాళ్ళకి డోరా పరాయి మనిషిలా అనిపించదు. షూటింగ్‌లో మామూలు జనం నిజంగానే వచ్చి ఆ బల్ల ముందు కూర్చుని తమ ఉత్తరాలు చెప్పి రాయించుకున్నారు. డోరా కళ్ళలో ఆ విసుగూ, విసుగు వెనకాల జాలీ చూడండి, ఎదుటి మనిషి నటుడా కాదా అన్న తేడా ఆవిడకి లేదు. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. 1999లో ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. నటనకి ఆ నామినేషన్ అందుకున్న మొదటి బ్రెజిల్ మనిషి. అప్పటికి 69 ఏళ్ళు. అవార్డు హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రోకి వెళ్ళింది. పాతికేళ్ళుగా బ్రెజిల్ వాళ్ళు ఆ అమ్మాయిని తిడుతూనే ఉన్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది గానీ, నా దృష్టిలో అదీ ఈవిడకి అన్యాయమే. డెబ్బై ఏళ్ళ పనిని 'ఆస్కార్ రాని ఆవిడ' అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం, 'సీరియల్ ఆర్టిస్టే కదా' అనడం ఒకే బాపతు.

ఎందుకంటే ఆస్కార్ నామినేషన్ తర్వాత కూడా ఆవిడ నొవేలాలు మానలేదు. 2005లో ఒకదాంట్లో బియా ఫల్కావ్ అనే విలన్. 2015లో, 85 ఏళ్ళ వయసులో, ఇంకో నొవేలా మొదటి ఎపిసోడ్‌లోనే తనతో కలిసి బతుకుతున్న ముసలావిడని పెదాల మీద ముద్దు పెట్టుకుంది. ఆ రెండో పాత్ర వేసిన నథాలియా టింబర్గ్‌దీ అదే వయసు. పాస్టర్లు, వాళ్ళ ఎంపీలు గగ్గోలు పెట్టి సీరియల్ చూడొద్దని పిలుపిచ్చారు. మనకి 85 ఏళ్ళ నటి దొరికితే ఏం పాత్ర ఇస్తాం? పటానికి దండ వేస్తాం.

అంతకుముందు 1985లో ప్రెసిడెంటు సార్నే సాంస్కృతిక శాఖ మంత్రి పదవి ఇస్తానంటే వద్దంది. తన చోటు స్టేజీ మీదేనని చెప్పింది. పదవి కోసం పార్టీలు మారే నటుల్ని చూసి చూసి ఉన్నాం కదా, ఈ ముక్క రెండుసార్లు చదువుకున్నాను. 2021లో బ్రెజిల్ సాహిత్య అకాడమీ ఆవిడని సభ్యురాలిగా ఎన్నుకుంది. నొవేలా చేసిందని అక్కడెవరూ మూతి విరవలేదు.

కూతురి పేరూ ఫెర్నాండానే, ఫెర్నాండా టోరెస్. ఇరవై ఏళ్ళకే, 1986లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి. ఆ తర్వాత దేశమంతా ఆమెని టీవీ కామెడీలతో గుర్తుపట్టింది. 2024లో మళ్ళీ వాల్టర్ సాలెస్ సినిమా 'ఐయామ్ స్టిల్ హియర్'. 1971లో సైనిక ప్రభుత్వం ఇంట్లోంచి పట్టుకుపోయిన రూబెన్స్ పైవా భార్య యునీస్ కథ. కూతురు కథంతా మోసింది. చివర్లో ముసలి యునీస్‌గా తల్లి. చక్రాల కుర్చీ, అల్జీమర్స్, ఒక్క డైలాగు లేదు. సైనిక పాలనలో మాయమైనవాళ్ళ గురించి టీవీలో వార్త వస్తుంది, భర్త ఫోటో కనిపిస్తుంది. ఆ కళ్ళు టీవీ మీద ఆగుతాయి. ఎక్కడో లోపల దీపం వెలిగినట్టయి, పెదవి కదిలీ కదలనట్టుంటుంది. అంతే. నేను థియేటర్లో ముందు సీటు పట్టుకుని కూర్చున్నాను.

ఆ సినిమాకి కూతురికి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. అందుకుంటూ తల్లికి అంకితమిచ్చింది. 2025 మార్చిలో, వాళ్ళ పెద్ద పండగ కార్నివాల్ ఆదివారం రాత్రి, బ్రెజిల్‌కి మొదటిసారి అంతర్జాతీయ చిత్రం ఆస్కార్. ఉత్తమ నటి ఆస్కార్ మాత్రం తల్లికి లాగే కూతురికీ చెయ్యి దాటిపోయింది. సరేలే.

నిన్న రాత్రి ఆ టిఫిన్ సీను క్లిప్ వెతికి మా అమ్మకి చూపించాను. సబ్‌టైటిల్స్ లేవు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మొదట, "అయ్యో, అంత తిండీ పాడు" అంది. తర్వాత భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "ఎవరే ఈవిడ? ఎంత బాగా కూర్చుందో!" అంది. 'చేసింది' అనలేదు, 'కూర్చుంది' అంది. ఈవిడ కథంతా చెప్దామని నోరు తెరిచాను. గడియారం చూసి, "ఉండు, నా సీరియల్ టైమైంది" అని ఫోను నా చేతిలో పెట్టి రిమోటు అందుకుంది.