సవరణ: ఎస్‌క్యూలైట్‌లో న్యూమరిక్ కాలమ్ పైసలను కాపాడదు

మిర్యాలగూడ రైస్‌మిల్లుల వడ్ల కొనుగోలు లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాసేవారి కోసం ఇచ్చిన గత సూచనలో, సొమ్ముకు ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ (పైథాన్ ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) న్యూమరిక్ కాలమ్ (దశాంశ సంఖ్యల కోసం ఉన్నది) వాడితే చాలని ఉంది. ఆ మాట పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు సరిపోతుంది. దాన్ని పైథాన్‌తో కలిపే సైకోపీజీ2 డ్రైవర్ డెసిమల్ (కచ్చితమైన దశాంశ సంఖ్య) విలువను ఉన్నదున్నట్టు అందిస్తుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కు మాత్రం వర్తించదు.

ఎస్‌క్యూలైట్‌లో కచ్చితమైన దశాంశ రకమే లేదు. విలువ ఫ్లోట్‌గా (బైనరీలో ఉజ్జాయింపుగా దాచే సంఖ్యగా) మారి లోపలికి వెళ్తుంది, చదివేటప్పుడు మళ్లీ డెసిమల్ అవుతుంది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ దీనిపై హెచ్చరిక చూపుతుంది. దయచేసి దాన్ని అణచిపెట్టకండి. ఒక్కో వరుసను చదివితే కాలమ్‌కు చెప్పిన దశాంశ స్థానాలకు సర్దుకుని వస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. తేడా క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) లోపల బయటపడుతుంది: 0.1 + 0.2 = 0.3 అవునా అని అడిగితే ఎస్‌క్యూలైట్ కాదంటుంది. తరుగు, హమాలీ మినహాయించి రైతుకు చెల్లించాల్సిన మొత్తాన్ని బిల్లుతో సరిపోల్చే చోట ఇది చిన్న విషయం కాదు.

అందుకే రూపాయలను పైసలుగా మార్చి పూర్ణాంకంగా దాచండి. టైప్‌డెకరేటర్‌లో (విలువను డేటాబేస్‌కు పంపేటప్పుడు, తెచ్చేటప్పుడు మార్చే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ సాధనం) రాసేటప్పుడు 100తో గుణించి, చదివేటప్పుడు డెసిమల్‌గా భాగిస్తే మిగతా కోడ్ దాదాపు మారదు. కొనుగోలు కేంద్రంలోని ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్, నల్లగొండ ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ వాడేవారు పరీక్షలను రెండింటిపైనా నడపాలి.