రిటైరైన మా గ్రాఫిక్స్ కార్డుకి ఒక ఉత్తరం

మహారాజశ్రీ జీటీఎక్స్ 1060 గారికి,
మేడ మీది గది, టేబుల్ కింద సీపీయూ డబ్బా,
పెదవాల్తేరు, విశాఖపట్నం.

పైన "గారు" అని రాసింది కవరు మీద మర్యాద కోసం. లోపల నువ్వు అనే రాస్తాను. తొమ్మిదేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం, నువ్వు కంప్యూటరు తెర మీద బొమ్మలు గీసిపెడుతూ, నేను వాటితో ఆడుకుంటూ, ఆ మాత్రం చనువుంది.

ఇక్కడ మేము క్షేమం. నీ క్షేమం నాకు తెలుసు, ఎందుకంటే పోయిన ఆదివారమే నిన్ను విప్పి పాత పేపరు మీద పడుకోబెట్టాను. సముద్రం పక్కన ఇల్లని మా చుట్టాలు కుళ్లుకుంటారు గానీ, ఈ ఉప్పుగాలికి గేటు, సైకిలు చెయిను, కిటికీ బోల్టు ఏదీ ఐదేళ్లు నిలవదని వాళ్లకేం తెలుసు. నీ ఇనప పట్టీ అంచునిండా గోధుమరంగు మచ్చలు. ఒక స్క్రూ అయితే ఎంతకీ కదలక, అమ్మ కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, టీ తాగొచ్చి మళ్లీ తిప్పితే అప్పుడు కరుణించింది. ఫ్యాను తీస్తే లోపల దుమ్ము, దూదిపరుపు చిరిగినట్టు ముద్దలు ముద్దలుగా. దాని వెనక ఒక బల్లిగుడ్డు డొల్ల. ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందో, ఏ ఆట మధ్యలో నీ వెచ్చదనానికి గుడ్డు పగలగొట్టుకుందో, ఇప్పుడు ఏ ట్యూబులైటు వెనక కాపురం ఉంటోందో. చిప్పు మీద వేడి లాగడానికి పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి పాత సున్నం గోడలా పెచ్చులు లేచింది. నేను పెయింటు బ్రష్షుతో దులుపుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏట్రా అది, మిక్సీయా?" అంది. కాదమ్మా అన్నాను. "మిక్సీ అయితే పనికొచ్చును" అనేసి వెళ్లిపోయింది.

2017లో ద్వారకానగర్‌లో ఒక షాపులో 24 వేలు పోసి నిన్ను తెచ్చినప్పుడు ఇంట్లో చెప్పిన అబద్ధం నీకూ గుర్తుండే ఉంటుంది: బీటెక్ ప్రాజెక్టుకి తప్పనిసరి అని. నాన్న నమ్మాడు. నేను ఆ ఏడాదంతా నీతో దయ్యాలను కాల్చాను, కార్లు గుద్దాను, ప్రాజెక్టు పక్క బెంచీవాడి దగ్గర కాపీ కొట్టాను. విడ్డూరం ఏంటంటే ఆ అబద్ధం ఇప్పుడు నిజమైపోయింది. మా పిన్ని కొడుకు నిజంగానే ప్రాజెక్టు కోసం గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు, వాణ్ణి ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. అందులో నా పాపం కొంత ఉంది.

సరే, అసలు విషయానికొస్తాను. కొత్త ఆటలకి తగ్గట్టు కార్డుని నడిపే సాఫ్ట్‌వేరు, అదే డ్రైవరు, నీ తరం కార్డులకి అక్టోబరు 2025లో వచ్చేదే ఆఖరిది, ఆపైన మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే, అవీ 2028 అక్టోబరు దాకానే అని నీ కంపెనీ ఎన్విడియావాళ్లు తేల్చేశారు. అంటే నువ్వు రిటైరై పెన్షన్లో పడ్డావు. శాలువా లేదు, దండ లేదు. ఏళ్ల తరబడి, కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ వాళ్ల సర్వేలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్న కార్డువి నువ్వే, 2022 చివరిదాకా నీ పీఠం కదల్లేదు. పోనీలే, ఉద్యోగమన్నాక రిటైర్మెంటు తప్పదు, నాకు దాని మీద పెద్ద బాధ లేదు. కాకపోతే సరిగ్గా ఆ నెలలోనే, 14వ తేదీన, గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడుతున్నామని ప్రకటించింది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు, గిగావాట్ స్థాయిలో కరెంటు తాగే డేటా సెంటరు, సముద్రం అడుగు నుంచి కేబుళ్లు. నిన్ను ఇంటికి పంపిన నెలలోనే నీ చుట్టాలైన ఏఐ చిప్పులకి మా ఊళ్లో మేడలు కడతామన్నారన్నమాట. గూగుల్‌కి టీపీయూలని సొంత చిప్పులు కూడా ఉన్నాయి, అవి నీ రక్తసంబంధం కావు, నీ మేనత్త తోడికోడలి తరఫు అనుకో. అయినా ఆ పెళ్లికి మీవాళ్లు రాకుండా ఉంటారా.

మీవాళ్ల సంగతి నువ్వు పుట్టకముందు నుంచీ నాకు తెలుసు. 1999లో జీఫోర్స్ 256 అని ఒకటి తెచ్చి, ప్రపంచంలో మొదటి జీపీయూ, అంటే బొమ్మలు గీసే చిప్పు, ఇదేనని చాటింపు వేసుకున్నారు. పని? ఆటల్లో గోడలు, నీడలు గబగబా గీయడం. ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి, సెకనుకి 60 సార్లంటే 12 కోట్ల 44 లక్షల చుక్కలకి రంగు తేల్చాలి. ఒక్కో లెక్కా చిన్నదే. కంప్యూటరుకి మెదడులాంటి సీపీయూ పెళ్లివంటల మేస్త్రీ లాంటివాడు, ఏ వంటైనా చేస్తాడు, కానీ ఊరందరి భోజనానికి ఉల్లిపాయలన్నీ వాడొక్కడే తరగాలంటే తెల్లారిపోతుంది. నువ్వేమో వంట రాని 1280 మందివి, అందరి ముందూ కత్తిపీటే. అంతే నీ గొప్పదనం, అది తక్కువేం కాదు.

ఆ కత్తిపీటలకి డబ్బులు పోసింది ఎవరు? మేము. నెట్ సెంటర్లో గంటకి 15 రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లం, వైస్ సిటీలో బైకులు దొంగిలించినవాళ్లం. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో ముగ్గురు కలిసి, ఫొటోలో ఉన్నది పిల్లో కుక్కో కంప్యూటరుకి నేర్పించడానికి రెండు జీటీఎక్స్ 580లు పెట్టుకున్నారు. ఒక్కోదాన్లో 3 జీబీ మెమరీ, రెండూ ఆటలాడుకునే కార్డులే. అలా నేర్చుకునే ప్రోగ్రాముని న్యూరల్ నెట్‌వర్కు అంటారు, దాని లెక్కలూ ఉల్లిపాయల బాపతే, గుణించడం, కూడడం, మళ్లీ గుణించడం. అలెక్స్‌నెట్ అనే వాళ్ల నెట్‌వర్కు ఫొటోలు గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో గెలిచిన దగ్గర్నుంచి మీవాళ్ల చూపు మారింది. మధ్యలో ఇథీరియం అనే క్రిప్టో డబ్బుని కార్డులతో తవ్వేవాళ్లు వచ్చి కార్డులన్నీ బస్తాల లెక్కన ఎత్తుకెళ్లారు. 2022 సెప్టెంబరులో ఆ తవ్వకం ఆగింది, హమ్మయ్య ఇక కొత్త కార్డు కొనుక్కోవచ్చని నేను చిట్టీ డబ్బులు లెక్కేసుకుంటుంటే, మూడు నెలలు తిరక్కుండానే చాట్‌జీపీటీ దిగింది.

అప్పట్లో మీ ఇంటి పెద్దకొడుకు పేరు హెచ్100, ఏఐ లెక్కల కోసం చేసిన కార్డు. 80 జీబీ మెమరీ, కొన్ని రకాలైతే 700 వాట్లు తాగుతాయి, నువ్వు 120తో సరిపెట్టుకున్నావు. అన్నింటికంటే నన్ను పడగొట్టింది ఒకటుంది: దానికి మానిటరు తగిలించుకునే కంత లేదు. హెచ్‌డీఎంఐ లేదు, ఏదీ లేదు. బొమ్మ చూపించలేని గ్రాఫిక్స్ కార్డు! ఏరు దాటాక తెప్ప తగలేసినట్టంటే ఇదే గదా, ఏ పని చేసి పెరిగారో ఆ పనికి తలుపే పెట్టలేదు. మెమరీ కంపెనీలూ ఆ ఏఐ వైపే పరిగెత్తాయి, మైక్రాన్ అయితే మనలాంటివాళ్లకి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నానని 2025 డిసెంబరులో చెప్పేసింది. ర్యామ్ ధర అడిగితే షాపులో కుర్రాడు నా మొహం చూసి ముందు మంచినీళ్లిచ్చాడు.

ఇక ఆటలకని మిగిల్చిన కొత్త కార్డుల్లో ఇంకో వింత. ఒక ఫ్రేము, అంటే తెర మీది ఒక్క బొమ్మ, గీసి, దానికీ తర్వాత గీసేదానికీ మధ్యలో మూడు ఏఐతో ఊహించి పెట్టగలవు. ఒక ఇడ్లీ వడ్డించి మిగతా మూడూ ఉన్నట్టే తినమన్నట్టు. గాజువాకలో నా స్నేహితుడి ఇంట్లో ఆడి చూశాను. అబద్ధం ఎందుకు, కళ్లకి బాగుంది. అయితే మౌస్ కదిపితే బొమ్మ పరిగెడుతుంది గానీ చెయ్యి వెనకాల నడిచొస్తున్నట్టు ఉంటుంది. చిన్న బొమ్మని పెద్దగా, పదునుగా చేసి చూపించే విద్య మాత్రం నాకు నచ్చింది, అది నీకు కూడా అంత బాగా వచ్చుంటే ఇంకో రెండేళ్లు గడిచేది.

తెలివైన చుట్టాల తెలివి కూడా చూశాను. పాత ఆటలో మూడో అంతస్తులో ఇరుక్కుని, ఒక ఏఐని తాళంచెవి ఎక్కడుందని అడిగాను. "తూర్పు గోడకి నీలం తలుపుంది, దాని వెనక" అంది. గంటసేపు గోడలు తడిమాను. తలుపు లేదన్నాను. క్షమించమని, చాలా చక్కగా గమనించారని మెచ్చుకుని, పడమర గోడకి చూడమంది. నెట్ సెంటర్లో మన కుర్చీ వెనక నిలబడి "అన్నా ఎడమకి, ఎడమకెళ్లన్నా" అని అరిచే కుర్రాడు ఎంత నయం. జేబులో 15 రూపాయలు కూడా లేనివాడు, అయినా తెలీకపోతే తెలీదనేవాడు.

గిగావాట్ అంటే ఎంతో నీ భాషలో లెక్కేశాను. నీలాంటివి 83 లక్షల కార్డులు ఒకేసారి పూర్తి దమ్ముతో తిరిగితే అంత. పరవాడ దగ్గర సింహాద్రి పవర్ ప్లాంటు మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు, అందులో సగం. ఆ డేటా సెంటరుకి ఆనందపురం దగ్గర తర్లువాడ పేరు వినపడగానే మా మావయ్య అటువైపు సైట్ల రేట్లు కనుక్కుంటున్నాడు. ఉద్యోగాలొస్తే సంతోషమే, మా పిన్ని కొడుక్కి అందులో ఒకటి వస్తే వాడి ప్రాజెక్టు సంగతి అప్పుడైనా ఇంట్లో నమ్ముతారు.

నేను కోరేది ఒక్కటే. మీవాళ్లు ఇక్కడ కాపురం పెట్టాక ఎవరైనా బీచ్ రోడ్డుకి షికారొస్తే, ఉప్పుగాలి సంగతి ముందే చెప్పు. స్క్రూలు బిగుసుకుపోతే మా ఇంటికి రమ్మను, కుట్టుమిషను నూనె ఉంది. వచ్చేటప్పుడు ఒక పాత 8 జీబీ ర్యామ్ ముక్క...

కరెంటు పోయింది. యూపీఎస్ కూస్తోంది, నాలుగు నిమిషాలే ఆగుతుంది, ముందు సేవ్ చేసుకోనీ.

ఇట్లు,
నీ టేబుల్ పైవాడు