తోమేశాక అడిగితే ఏం చెప్పగలం?

పాత తుపాకీ లాక్ (తుపాకీని పేల్చే యంత్రభాగం) ఒకటి చేతికి రాగానే తుప్పు వదిలే ద్రావణంలో ముంచడం, వైర్ బ్రష్‌తో తళతళలాడేలా తోమడం, ఆ తర్వాత ఫొటో పెట్టి “ఇదేంటో చెప్పండి” అని అడగడం. చూస్తే కడుపు మండుతుంది. చెప్పాల్సిన సంగతులు ఆ బ్రష్‌తోనే పోయాయి కదా! తనిఖీ ముద్రలు లోహంలో చాలా పైపైనే ఉంటాయి. పలచటి నూనె రాసి రెండు రోజులు వదిలేయండి, గుడ్డతో తుడవండి, టార్చి పక్కవాటుగా వేసి చూడండి. అంతకుమించి ఏమీ చేయొద్దు.

గొట్టం కూడా ఉంటే అన్నిటికన్నా ముందు అది ఖాళీదో కాదో తేల్చుకోండి. సన్నటి చెక్క కడ్డీని అడుగుదాకా దించి, మూతి దగ్గర గీత పెట్టి, అదే కొలతను గొట్టం పైన ఆనించి చూడాలి. కడ్డీ కొస నిప్పురంధ్రం (మందుకు నిప్పు అందే చిన్న కన్నం) దాకా రాకుండా ముందే ఆగిందంటే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోండి. పొడిగా ఉన్న మందు వందేళ్లు దాటినా అంటుకుంటుంది. వేడి చేయొద్దు, డ్రిల్ పెట్టొద్దు, తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఇక లాక్ భాగాలను బిగించే పలక మీద కిరీటం, ‘టవర్’ అనే అక్షరాలు కనిపిస్తే చాలు, బ్రౌన్ బెస్ (బ్రిటిష్ సైన్యపు పాత చెకుముకి తుపాకీ) అని తేల్చేస్తారు. అదే ముద్ర తర్వాతి బ్రిటిష్ తుపాకీ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ మీదా ఉంటుంది, నకళ్ల మీదా ఉంటుంది. ముద్ర కన్నా కొలత నయం. మూతి లోపలి వ్యాసం బ్రౌన్ బెస్‌కి సుమారు 19 మి.మీ., ఫ్రెంచి 1777 మస్కెట్‌కి 17.5, ఎన్‌ఫీల్డ్‌కి 14.7. బ్రౌన్ బెస్‌లో గొట్టం 46 అంగుళాలైతే లాంగ్ ల్యాండ్, 42 అయితే షార్ట్ ల్యాండ్, 39 అయితే ఇండియా ప్యాటర్న్ అనే రకం. మూతి దగ్గర బయోనెట్ తగిలించే దిమ్మ లేకపోతే మాత్రం గొట్టాన్ని ఎవరో కోసి ఉంటారని అనుమానించాలి.

అసలు ఆధారాలు పలక లోపలి వైపు ఉంటాయి. అటు ఫొటో తీసేవాళ్లే తక్కువ! క్యాప్ (దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీ) పెట్టే లాకే అయినా, పలకలో పూడ్చేసిన రంధ్రాల గుండ్రటి ఆనవాళ్లు కనిపిస్తే అది చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే లాక్‌గా పుట్టి తర్వాత మారిందన్నమాట. అవి మందు పళ్లెం, ఫ్రిజెన్ (చెకుముకి రాయి తగిలే ఉక్కు రేకు), దాని స్ప్రింగ్ మరలు (స్క్రూలు) ఉన్న చోట్లు. పైన నునుపు చేసి దాచినా లోపల దొరికిపోతాయి. విడి మెయిన్ స్ప్రింగ్ (సుత్తిని కొట్టించే పెద్ద స్ప్రింగ్) దొరికితే కొస చూడండి. ఒంటి కొక్కెంలా వంగి ఉంటే అది టంబ్లర్‌ని (సుత్తితో పాటు లోపల తిరిగే ముక్కని) నేరుగా నొక్కే పాత పద్ధతి. రెండు కొమ్ములుగా చీలి ఉంటే మధ్యలో చిన్న లింకు ఉండే లాక్‌ది; ఎన్‌ఫీల్డ్‌ది ఈ రకమే.

మరలు కలిపేయకండి. చేత్తో అమర్చిన లాకుల్లో ఏ మర దాని రంధ్రానికే సరిపోతుంది, అందుకే చాలావాటి మీద ఆకురాయి గాట్లు ఉంటాయి. ఇంగ్లండ్ ఇంజనీరు విట్‌వర్త్ తన మరచుట్ల కొలతలు ప్రతిపాదించిందే 1841లో. అంతకుముందు ఏ పనివాడి కొలత వాడిదే. ఇప్పటి మర బిగిస్తే పాత చుట్లు తెగిపోతాయి. మెట్రిక్ చుట్లు, పోతపోసిన అతుకు గీత కనిపిస్తే అది ఇటీవలి నకలు కావచ్చు.

స్ప్రింగ్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది. దానికి స్ప్రింగ్ బిగింపు పట్టకారు వాడాలి. అది లేకపోతే విప్పకుండానే పలక రెండు వైపులా స్కేలు పెట్టి ఫొటో తీయండి.