అల్ రాజీ అంటే మాంసం ముక్కల కథేనా?

మళ్ళీ అదే కథ వాట్సాప్‌లో వచ్చింది. బాగ్దాద్‌లో ఆసుపత్రి ఎక్కడ కట్టాలో తేల్చడానికి వెయ్యేళ్ళ కిందటి వైద్యుడు అల్ రాజీ ఊరంతా మాంసం ముక్కలు వేలాడదీయించాడట, ఆలస్యంగా కుళ్ళిన చోట గాలి మంచిదని అక్కడ కట్టమన్నాడట. ఆ కథలో ఎక్కువగా వినిపించే అదుదీ ఆసుపత్రి మొదలైంది 980 ప్రాంతంలో. ఆయన పోయింది 925 ప్రాంతంలో! అంత పెద్ద వైద్యుణ్ణి ఈ ఒక్క కథతో సరిపెట్టేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆయనది ఇరాన్‌లో, ఇప్పటి టెహ్రాన్ పక్కనున్న రయ్. అక్కడా, బాగ్దాద్‌లోనూ ఆసుపత్రులు నడిపాడు. మశూచి, తట్టు మీద చిన్న పుస్తకం రాశాడు. మన ఊళ్ళలో అయితే ఇలాంటివి వస్తే 'అమ్మవారు పోసింది' అని ఊరుకునేవాళ్ళు. ఆయన మాత్రం నడుము నొప్పి ఎక్కువగా ఉంటే మశూచి అనుకోండి, వికారం, ఆందోళన ఎక్కువైతే తట్టు అనుకోండి అని విడదీసి చెప్పాడు. రోగి మంచం పక్కన గంటలు గంటలు కూర్చోకపోతే ఈ తేడా ఎలా తెలుస్తుంది? రక్తం పులియడం వల్లే ఈ జబ్బులు వస్తాయన్నాడు, అది తప్పు. కానీ కళ్ళతో చూసి రాసింది మాత్రం నిలబడింది.

మెదడువాపు లాంటి ఒక జబ్బులో కొందరికి రక్తం తీయించి, ఇంకొందరికి కావాలనే తీయించకుండా ఉంచి, ఎవరు ఏమయ్యారో చూశానని రాశాడు. రక్తం తీయడమే మేలని తేల్చాడు, అదీ ఇవాళ చెల్లదు. అయినా వెయ్యేళ్ళ కిందట ఇలా పోల్చి చూడాలని తోచిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

గ్రీకు వైద్యుడు గాలెన్‌ను గురువుగా భావించి కూడా, ఆయన మీద సందేహాలతో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. జ్వరాల గురించి గాలెన్ చెప్పింది నా రోగుల్లో చాలామందికి కుదరలేదన్నాడు. గురువు మాట తప్పు అని నోరు విప్పడానికి మనం ఇప్పటికీ జంకుతాం.

ఆయన పోయాక శిష్యులు ఆయన రాసుకున్న కాగితాలన్నీ కలిపి 'అల్ హావీ' అనే పెద్ద వైద్య గ్రంథం తయారుచేశారు. ఆ కాగితాల్లో ఆయన ఒక్కో జబ్బుకు గ్రీకులు ఏమన్నారు, మన చరకుడు, సుశ్రుతుడు ఏమన్నారు అని రాసి, చివర 'లీ', అంటే 'నా మాట' అని తన అనుభవం చేర్చేవాడు.

ఆ అరబ్బీ గ్రంథాన్ని 1955 నుంచి 23 భాగాలుగా అచ్చువేసింది ఎవరో తెలుసా? మన ఉస్మానియా యూనివర్సిటీలో పాత అరబ్బీ పుస్తకాలు అచ్చువేసే సంస్థ, దాయిరతుల్ మారిఫ్. అంటే పుస్తకం హైదరాబాద్‌లోనే అచ్చయింది, మనకు మాత్రం మాంసం ముక్కలే తెలుసు. చార్మినార్ పక్కనే యునానీ కాలేజీ ఉంది, అరబ్బీ బాగా వచ్చినవాళ్ళూ ఊళ్ళో ఉన్నారు. ఆ 'లీ' అనే పేరాలు కొన్నయినా తెలుగులోకి తేవాలని వాళ్ళను చేతులెత్తి అడుగుతున్నాను. ముందు జ్వరాల భాగం ఒక్కటి తెచ్చినా చాలు.